మడమల మందు

చలి ముదిరి మడమలు పగలగానే ఆ ఇంట్లో అత్తగారు వేపకొమ్మ దించమంటారు. కోడలికి తొందర. కడిగిన ఆకును అప్పుడే నూనెలో వేయబోతుంది. ‘‘ఆగమ్మాయ్, తడి ఆరాలి’’ అంటారావిడ. నీడన మూణ్నాలుగు రోజులు, ఆకు గలగలలాడేదాకా. చాదస్తం కాదది. తడి చేరితే లేపనానికి బూజు పడుతుంది.

మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, 100 గ్రాముల కొబ్బరినూనెలో గుప్పెడు ఎండాకు వేసి, గంటసేపు సన్నసెగన ఉంచి వడగడతారు. అందులో 20 గ్రాముల తేనెమైనం కరిగిస్తే, చల్లారేసరికి డబ్బాలో మెత్తగా పేరుకుంటుంది. పేరు వేపాకుదే గానీ, సగం పని మైనానిది. చర్మంలోని తేమను బయటికి పోనివ్వదు. అందుకే రాత్రి కాళ్లు కడిగి, తుడవగానే రాయాలి. వేళ్ల సందుల్లో మాత్రం వద్దు, అక్కడ తేమ నిలిస్తే ఒరుస్తాయి.

మామగారికి పదేళ్లుగా షుగరు. పాదాలకు స్పర్శ తగ్గింది. పగులు లోతై నెత్తురొచ్చినా ఆయనకు తెలియదు. రోజూ పడుకునేముందు కళ్లజోడు పెట్టుకుని ఆయన అరికాళ్లు చూసేది అత్తగారే. మొన్న సాక్సుకు రక్తపు మరక కనిపించింది. ‘‘కాస్త మందు రాసుకుని పడుకుంటాలే’’ అన్నారాయన. ఆవిడ డబ్బా మూత తీయలేదు. ‘‘ఆటో పిలువమ్మాయ్’’ అన్నారు కోడలితో.