పింగాణి యూరు థాన్‌గఢ్

ద్వారకకును సోమనాథమునకును యాత్ర పోవు మన తెలుగువారు సౌరాష్ట్రదేశమున సముద్రస్నానము చేసి, స్వామిని సేవించి, గోపీతటాకపు మట్టిని గోపీచందనమని మూట గట్టుకొని మరలుచుందురు. ఆ దేశముననే మఱియొక మట్టి కలదనియు, అది నిప్పులో గాలి తెల్లని పాత్రలై దేశమంతట నిండ్లలో బ్రవేశించుచున్నదనియు నెఱిగి, దానికొఱకు రైలు దిగువారు మిక్కిలి యరుదు. మే మట్లు దిగితిమి.

సురేంద్రనగరమునుండి రాజకోటకు బోవు రైలుమార్గమున థాన్‌గఢ్ కలదు. రైలువారు దీనిని థాన్ అనియే వ్యవహరింతురు. చూచుటకు రాజమందిరములుగాని, విశాలమైన వీథులుగాని యున్న యూరు గాదు. పొగగొట్టములు, కొలుముల యావిరి, చెట్ల యాకులపైనను మేకల వీపులపైనను సమముగా బడియున్న తెల్లని దుమ్ము, రోడ్డున కిరుప్రక్కల గడ్డిలో బొదిగి పేర్చిన వాష్ బేసినులు, మరుగుదొడ్డి పీటలు, నీళ్లతొట్లు, ఇవియే యిచ్చటి యలంకారములు. మనము హోటళ్లలోను, సత్రములలోను చేతులు గడుగుకొను పాత్రలలో ననేకము లీ యూరిలోను, ఇచ్చటికి వాయవ్యమున నున్న మోర్బీలోను బుట్టినవే. మోర్బీ ముఖ్యముగా నేలపలకలకు బేరుపడినది. బేసినులకు థాన్‌గఢ్ పాతది.

వచ్చినవారము ముగ్గురము: మేము, మా వారు, మా వదినగారు. పని యొక్కటియే, మా యింటి స్నానపుగదికి బేసిను కొనుట. ఇంతదూరము వచ్చి కొనవలెనా యని సోదరీమణు లడుగవచ్చును. ద్వారకాయాత్ర యెటులైనను మ్రొక్కుబడి గనుక త్రోవ మాకు గలిసివచ్చినది. అంతకంటె ముఖ్యమైన కారణమును చెప్పెదము.

మాది నల్లగొండ ప్రాంతమున నొక పాతయిల్లు. మా యత్తగారు డెబ్బదియైదేండ్లు నిండువఱకును పెరటి స్నానపుగదిలో జలదారియొద్ద పీటపై గూర్చుండి యిత్తడిచెంబుతో ముఖము కడుగుకొనుచుండిరి. క్రిందటి వానకాలమున నచ్చట కాలుజారి పడగా తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగి మరల నడచుచున్నారుగాని, క్రింద గూర్చుండరాదనియు, నేలకు వంగరాదనియు వైద్యుడు శాసించెను. నాటినుండి ప్రతియుదయమును మాలో నొకరము చెంబును బక్కెటును బట్టుకొని నిలువగా ఆమె మంచముమీదనే ముఖము కడుగుకొనవలసి వచ్చెను. నాలుగుగంటలకే లేచి తనపని తాను చేసికొనుట కలవాటుపడిన యామెకు, ఇంకొకరు మేల్కొనువఱకు చీకటిలో గాచియుండుట యెంతటి బాధయో ఆమె యెన్నడును నోటితో చెప్పలేదు. నాలుగింటికి ఆమె గాజుల చప్పుడు మాత్రము మాకు వినబడుచుండెను. అందుచేత గది నేల త్రవ్వించి, గరుకుపలకలు పఱపించి, నిలువబడి ముఖము కడుగుకొను వసతి నేర్పఱుప నిశ్చయించితిమి.

గోడకు దగిలించు బేసిను, కాలుగల బేసిను, బల్లపై గిన్నెవలె గూర్చుండు బేసిను అని యిందు విధములు గలవు. ఈ మూడవదానిని అంగళ్లలో టేబుల్ టాప్ అందురు. కాలుగల బేసినున కాకాలే యెత్తును నిర్ణయించును. పొట్టివారికొఱకు దానిని గోయుటకు వీలులేదు. బల్లపైదానికి బల్లను మన యిష్టమైన యెత్తున నమర్చుకొనవచ్చును. కండ్లజోడు, పండ్లపొడి, కట్టుడుపండ్ల గిన్నె చేతికందునట్లు ప్రక్కనే పెట్టుకొనవచ్చును. మా కిది నచ్చినది. కాని యిందే యొక మోసమును గలదు. హైదరాబాదున మేము ముందుగా జూచిన యొక యంగడిలో బల్ల 32 అంగుళముల యెత్తున నుండెను. దానిపై గిన్నె 6 అంగుళములు. అనగా అంచు 38 అంగుళములు. చూచుటకు దేవునిముందు నైవేద్యపాత్రవలె నెంతయో శోభగా నున్నది. అచ్చట ముఖము కడుగుకొను పొట్టి మనిషికి మాత్రము నీరు మోచేతులవెంబడి కాఱి చంకలలోనికి బోవును.

కనుక యాత్రకు బయలుదేరుటకు ముందే మా వారు అత్తగారిని గోడప్రక్క నిలిపి, నేలనుండి మోచేతివఱకు నూలుదారముతో గొలిచి ముడివైచిరి. అది 35 అంగుళములు. దానికి నైదంగుళములు దిగువగా రెండవముడి వైచిరి. బేసిను అంచు ఆ రెండవముడిని దాటరాదు. ఈ దారమును కుంకుమబరిణెలో నుంచుకొని సౌరాష్ట్రమంతయు ద్రిప్పితిమి. మేస్త్రీలు సాధారణముగా ముందు బల్ల కట్టివైచి పిమ్మట గిన్నెను దెమ్మందురు. అది తలక్రిందుల పని. ముందు మనిషి, పిదప గిన్నె, ఆ పిదప బల్ల.

స్టేషనుకు జేరువ నున్న యంగడివాడొకడు మమ్ములను బెన్ అని పిలిచి కూర్చుండబెట్టి, చిన్నగిన్నెలలో తేనీరిప్పించెను. బెన్ అనగా సోదరి. దారముయొక్క కథ విన్నంతనే యతడు నవ్వక, తన తల్లికిని మోకాళ్లనొప్పియని చెప్పి, తన బంధువుల కార్ఖానాకు మమ్ములను దానే వెంటబెట్టుకొని పోయెను. అచ్చట జూచినది మాకు యాత్రలో జూచిన వింతలలో నొక్కటి.

చీనామట్టి, జిగురుమట్టి, ఫెల్డ్‌స్పార్ అను రాతిపొడి, పలుగురాతిపొడి, వీనిని నీటితో జేర్చి మీగడవలె చిక్కని ద్రవము చేయుదురు. ఈ ఫెల్డ్‌స్పార్ రాజస్థానముననే గాక మన యాంధ్ర తెలంగాణదేశములందును విరివిగా ద్రవ్వబడుచున్నది. ఆ ద్రవమును ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అచ్చులలో బోయుదురు. అచ్చు నీటిని బీల్చుకొనుటచే దాని గోడల కంటుకొని మట్టి పొరగా గట్టిపడును. తగినంత మందము రాగానే మిగిలిన ద్రవమును వంచివైతురు. పెనమున కంటుకొన్న అట్టుపిండివలె నన్నమాట! అచ్చు విప్పగా వచ్చిన పచ్చిపాత్ర మెత్తనిది, బూడిదవన్నెది. స్త్రీ లనేకులు వరుసగా గూర్చుండి తడిస్పాంజితో దాని యతుకులను, అంచులను నునుపుచేయుచుండిరి. వారి చేతులు తెల్లగా నెండి, చర్మము పగిలియుండెను. మన యిండ్లలో నిగనిగలాడు పాత్రల నునుపు వారి వ్రేళ్లదని యంతకుముందు మాకు దోచలేదు. పిదప నారబెట్టి, మెఱుగుపూత జల్లి, కొలిమిలో సుమారు 1200 డిగ్రీల వేడిమిని గాల్తురు. కాలునప్పుడు పాత్ర కుంచించుకొనిపోవును గనుక అచ్చును ముందే పెద్దదిగా జేయుదురు. ఒకే యచ్చులోని రెండు పాత్రలైనను వెండ్రుకవాసి భేదింపకుండుట లేదు. అందుచేతనే పుస్తకములోని బొమ్మను జూచి కొనరాదు. ఆ పాత్రనే జూడవలయును.

మధ్యాహ్నము కార్ఖానావారు భోజనమునకు లేచిరి. ఆ వ్యవధిలో సమీపమున నున్న తర్ణేతర్‌కు బోయి త్రినేత్రేశ్వరస్వామిని దర్శించితిమి. భాద్రపద శుద్ధమున నిచ్చట జరుగు జాతరకు అద్దములు కుట్టిన గొడుగులు పట్టుకొని యువకులు వత్తురట. ద్రౌపదీస్వయంవర మిచ్చటనే జరిగెననియు, అర్జునుడీ కుండముచెంతనే మత్స్యయంత్రమును గొట్టెననియు స్థానికుల నమ్మకము. మా వదినగారు చేతులు జోడించిరి. భారతము ననుసరించి చూడ ఆ స్వయంవరము ద్రుపదుని నగరమున, పాంచాలమున జరిగినది గదా యని మే మనగా, మా వారు "దేవాలయములో వాదమేల?" అని మందలించిరి. మేము వాదింపలేదు; నిజము చెప్పితిమి.

సాయంకాల మంగడికి మరలి, కొనుపనిలో బడితిమి. మా వదినగారికి మొదటిచూపులోనే యొక గిన్నె నచ్చెను. లోపల నీలిపూలు, అంచున బంగారురేక, వెలుపల సముద్రపువన్నె. దానిని జూచి ఆమె మాతో, "అమ్మ పదునాలుగేండ్ల ప్రాయమున కాపురమునకు వచ్చినది. నాటినుండి నేటివఱకు ఆ జలదారి రాతియొద్దనే ముఖము కడుగుకొన్నది. తనకొఱకని యొక యందమైన వస్తువు నింతవఱకు కొని యెఱుగదు. ఒక్క మారైనను పూలలో చేతులు బెట్టనీయరాదా?" అనెను. ఆ మాటకు మాకు జవాబు తోచలేదు. తల్లిపై కూతురికిగల ప్రేమను కొలబద్దతో ఖండించుట సులభము గాదు.

అయినను ఆ గిన్నెయెత్తు 7 అంగుళములు. దానిని బెట్టవలెనన్న బల్ల 23 అంగుళములకు దిగవలెను. పక్కన బెట్టిన కండ్లజోడు తీసికొనుటకు మరల వంగవలసియే వచ్చును. ఇంతియ గాక బంగారురేక మెఱుగుపూతపైన వ్రాసి తక్కువవేడిమిని గాల్చినది. తోముచుండగా దినదినమును చెఱగిపోవునని యంగడివాడే యొప్పుకొనెను. మా బోరునీటిలో సున్నము మెండు. ఏ పాత్రయైనను దినమునకొకసారి రుద్దక తప్పదు. రుద్దువారము మేము. ఈ కడపటి కారణమును మేము పైకి జెప్పలేదుగాని మా వదినగారు గ్రహించినట్లే యుండెను.

గాజుగిన్నెలు, రాగిగిన్నెలు, రాతిగిన్నెలును జూచితిమి. గాజుపై సున్నపునీటి మచ్చ ప్రతిబొట్టును గనబడును. రాగిని వారమునకొకసారి చింతపండుతో దోమినగాని కాంతి నిలువదు. చలువరాతిపై నిమ్మరసము పడినచో మచ్చపడును. వీనిని వారి వారి యోపికను బట్టి కొనుక్కొనవచ్చును.

తుదకు మేము నిలిచిన పాత్ర కోడిగ్రుడ్డు ఆకారముది, తెల్లనిది, 5 అంగుళముల యెత్తుది. వెలుపల చుట్టును సన్నని నీలిగీత యొకటి. ఆ గీత మెఱుగుపూతకు లోపల నున్నది గనుక చెఱగదు. దీనిని మా వదినగారే వెదకి తీసిరి. కొనుటకు ముందు పరీక్షించిన విధమును జెప్పెదము. పాత్రను పైకెత్తి వ్రేలికణుపుతో గొట్టగా కంచువలె ఖణేలుమని మ్రోగవలెను. బొంగురుగా మ్రోగినచో నెక్కడనో పగులున్నట్లు. మా వారు సంచిలోనుండి యెఱ్ఱసిరా దీసి లోపల గుడ్డతో రుద్ది తుడిచిరి. సన్నని చీలికలున్నచో సిరా అందు నిలుచును. అడుగు నున్నని రాతిపై నాడక కూర్చుండవలెను. ఒక చెంబెడు నీరు పోసి చూచితిమి. బొట్టు మిగులక నడుమ రంధ్రములోనికి బోయినది. అడుగు చదునైన గిన్నెలలో నీరు నిలిచి సున్నపుగారయై పేరుకొనును.

ఇట్టి గిన్నెలలో ననేకమునకు నీరు పొంగినప్పుడు తప్పించుకొను పైరంధ్ర ముండదు. మాదానికిని లేదు. అట్టివానికి ప్రక్కన చీలికలు లేని కప్లింగును, అనగా అంగడివారు ఫుల్ త్రెడ్ అనుదానినే బిగింపవలెను. చీలికలున్నది బిగించినచో నీరు కాఱి బల్లక్రిందికి దిగును. పనివాడు చేతికందినది బిగించును గావున నిది యింటివారే చూచుకొనవలెను. వెల 1,400 రూపాయలు. గడ్డితో, అట్టపెట్టెతో గట్టి యిచ్చిరి. సికిందరాబాదు వఱకు ఆ పెట్టె మా వదినగారి యొడిదగ్గఱనే యుండెను, కూలివానిని ముట్టనీయలేదు.

ఇంటికి వచ్చి నల్లరాతి బల్లను 25 అంగుళముల యెత్తున రెండుగోడలకును జొనిపించితిమి. గిన్నెకు వెనుక చేయి పట్టునంత సందు విడిచితిమి. లేకున్న ఆ మూల గుడ్డపోదు, మురికి పోదు. కుళాయిని బల్లపై బెట్టక గోడనుండి రప్పించితిమి. దాని మూతి గిన్నె అంచున కైదంగుళములపైన, ధార నడుమ రంధ్రమునకు జేరువగా బడునట్లుండును. ఇంకను ఎత్తైనచో నీరు చిందును. తిప్పుడుపిడి గాక, మీటినంతనే వచ్చు పొడుగుపిడి. బల్లపై నిలిపిన గిన్నె మనిషిబరువు నానుకొనుటకు గాదు. కావున బల్లకు కుడిప్రక్క గోడలో లోతుగా దిగిన ఉక్కుకడ్డీని బట్టుకొనుటకు బెట్టించితిమి. వీనియన్నింటికంటె నీ కడ్డీయే యావశ్యకము.

పని ముగిసిన మఱునాడు నాలుగుగంటలకు మాకు మెలకువ వచ్చెను. గాజుల చప్పుడుకు బదులు పెరటివైపు నీళ్లచప్పుడు వినబడెను. మేము లేవలేదు. తెల్లవాఱినపిదప అత్తగారు గిన్నెను పరకాయించి చూచి, ఇంత శుభ్రమైన పాత్రలో ఉమ్మివేయుటకు మనసొప్పుట లేదనియు, ప్రక్కన పాతచెంబు పెట్టియుంచుమనియు ననిరి. ఆ యిత్తడిచెంబిపుడు బల్లపైననే యున్నది.