రాయదుర్గపు జీన్సు

తోలు సోకని జీన్సు కావలెనని మా అమ్మాయి పట్టుపట్టగా మేము రాయదుర్గమునకు పోయితిమి. అనంతపురము దాటినది మొదలు వానకెదురుచూచు వేరుసెనగ చేలే. ఊరిలో మాత్రము కుట్టుయంత్రముల చప్పుడు.

జీన్సునకు బట్ట నూలుదే. నడుము వెనుకనుండు పట్టీయే చిక్కు. 1886లో లీవై స్ట్రాస్ కంపెనీవారు రెండు గుఱ్ఱముల బొమ్మను తోలుపట్టీపై వేయించిరి. 1950 తరువాత వారే గట్టికాగితమునకు మారిరి. నేడు అంగళ్లలో దొరకువానిపై నున్నది తోలో, కాగితమో, చూచి చెప్పుట మావంటివారికి కష్టము.

కుట్టుచున్న యొకామె నడిగితిమి.

"పట్టీ లేకుండానే కుట్టిస్తానమ్మా. కరువులో ఎద్దుల్ని అమ్ముకొనే గదా ఈ పనికొచ్చినాము" అనెను.

అమ్మాయి వెల యడుగుట మఱచి, ఆ యెద్దుల పేళ్లడిగెను.