దసలి పురుగు చెప్పే పాఠం

గోదావరి ఒడ్డున, మద్దిచెట్ల మీద దసలి పురుగులు పెంచే కుటుంబాల పిల్లలు మా బడికి వస్తారు. సైన్సు పుస్తకంలో గుడ్డు, డింభకం, ప్యూపా, ప్రౌఢజీవి అని నాలుగు దశలుంటాయి. ఆ మాటలు చదవమంటే మా పిల్లలు తడబడతారు. అదే పిల్లలు కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పురుగును చూసి, ఇది కుబుసం విడవబోతోందని చెప్పేస్తారు. పాఠం వాళ్లకు ముందే వచ్చు, పేర్లే రావు. అందుకే మేము ఆ పాఠాన్ని చెట్టు కింద మొదలుపెడతాం.

ఆడ చిలుక సుమారు 200 గుడ్లు పెడుతుంది. ఎనిమిది, పది రోజులకు గుడ్డు పగిలి చిన్న పురుగు బయటికొస్తుంది. నల్లమద్ది, ఏరుమద్ది ఆకే దాని తిండి. నెల, నెలన్నర పాటు తింటూనే ఉంటుంది, చలికాలపు పంటలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఒళ్లు పెరుగుతుంది గాని పైతోలు దానితో పాటు సాగదు. అందుకని నాలుగుసార్లు పాత తోలు విడుస్తుంది. ఐదో దశలో వేలంత లావుగా, ఆకుపచ్చగా తయారవుతుంది. అప్పుడు తిండి మానేసి, ఆకులు దగ్గరికి లాక్కొని, కొమ్మకు గట్టి కాడ చుట్టి, కాయ కట్టుకుంటుంది. చలికాలంలో కట్టిన కాయలో ప్యూపా ఎండాకాలమంతా నిద్రపోయి, వానలకు లేస్తుంది. చిలుకగా బయటికొచ్చాక తినదు, దానికి పనికొచ్చే నోరే ఉండదు. పురుగుగా తిన్నదే దాని జీవితమంతటికీ సరిపోవాలి.

కుబుసం విడిచే వేళ పురుగు తల పైకెత్తి ఒకటి రెండు రోజులు కదలకుండా ఉంటుంది. తెలియనివాళ్లు రోగమొచ్చిందనుకుంటారు. మన పెద్దలు మాత్రం ఆ సమయంలో దాన్ని ముట్టరు, వేరే చెట్టుకు మార్చరు. కాకులు, కందిరీగలు రాకుండా కాపలా కాస్తారు, అంతే. పైకి ఏమీ జరగనట్టుంటుంది గాని లోపల కొత్త తోలు తయారవుతుంటుంది.

శాస్త్రం ఇంకో సంగతి చెబుతుంది. చిలుక రెక్కల మొలకలు పురుగు ఒంట్లోనే ఉంటాయి. మరి ముందే రెక్కలెందుకు రావు? పురుగు మెదడు వెనక ఉన్న చిన్న గ్రంథులు ఒక హార్మోనును విడుదల చేస్తాయి. అది తగినంత ఉన్నంతకాలం పురుగు ఎన్నిసార్లు తోలు విడిచినా పురుగుగానే ఉంటుంది. చివరి దశలో అది తగ్గాకే ప్యూపా అవుతుంది. 1956లో అమెరికా శాస్త్రవేత్త కారోల్ విలియమ్స్ మన దసలి కుటుంబానికే చెందిన సిక్రోపియా చిలుక నుంచి ఈ హార్మోను సారాన్ని తీశాడు. అంతకు ముందే, 1930లలో, మల్బరీ పట్టుపురుగుల మీద ప్రయోగాలు చేశారు. చిన్న పురుగుల్లో ఆ గ్రంథులు తీసేస్తే అవి తొందరగానే గూడు కట్టాయి. కాని గూడూ మరుగుజ్జే, చిలుకా మరుగుజ్జే.

ఈ సంగతి చెప్పేటప్పుడు మాకు మా పిల్లలే గుర్తొస్తారు. పిల్లలు పురుగులు కారు, నిజమే. కాని వాళ్లకూ తినే కాలం, పెరిగే కాలం ఉన్నాయి. మిరపకాయలు, పత్తి ఏరే రోజులొస్తే ఏడో తరగతి పిల్లవాడి బెంచీ ఖాళీ అవుతుంది. పదో తరగతి కాకుండానే ఆడపిల్లకు సంబంధం చూస్తారు. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండాలని చట్టం ఉంది, ఒంటి లెక్క కూడా అదే చెబుతుంది. పేదరికం మాకు తెలుసు, మేమూ ఆ ఇళ్లలోంచే వచ్చాం. అయినా చెబుతాం, పచ్చి కాయ కోస్తే దారం రాదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఇంట్లో కోయ, గోండి మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో నెలల తరబడి నోరు విప్పకపోవచ్చు. ఆ పిల్లను మొద్దు అనకండి. ఆమె వింటోంది, లోపల కొత్త భాష అల్లుకుంటోంది. అప్పుడు కావలసింది బెత్తం కాదు, ఇంటి భాషలో నాలుగు మాటలు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం కూడా చెబుతోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పురుగు వయసు ఆకును చూసి చెప్పగల పెద్దలు మీ ఇళ్లలోనే ఉన్నారు. ఈ పంటకు వాళ్లతో పాటు కాపలాకు వెళ్లండి. ఏ రోజు గుడ్డు పగిలింది, ఏ రోజు తోలు విడిచింది, ఏ రోజు కాయ కట్టింది, నోటుపుస్తకంలో రాయండి. పక్కన మన భాషలో ఆ దశకున్న పేరు కూడా రాయండి. ఆ పుస్తకం మా బడికి తెస్తే వచ్చే ఏడు పిల్లలకు దానితోనే పాఠం చెబుతాం.