కడుపునొప్పిగా వచ్చే దుఃఖం

తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు వైద్యుని దగ్గరకు దుఃఖమని చెప్పుకుంటూ రారు. కడుపునొప్పితోనో తలనొప్పితోనో వస్తారు. వెంట వచ్చిన పెద్దలు స్కానింగు తీయమంటారు. అప్పటికే ఊళ్ళో ఆర్.ఎం.పి. చేత సెలైన్ ఎక్కించి, గాలి సోకిందేమోనని తాయెత్తు కూడా కట్టించి ఉంటారు. ఇంట్లో ఈమధ్య ఏమైనా జరిగిందా అని వైద్యుడు అడిగితే, పిల్లవాణ్ణి బయటకు పంపి, గొంతు తగ్గించి, "వాళ్ళ నాన్న పోయి నాలుగు నెలలైందండీ, వాడి ముందు ఆ మాట ఎత్తం" అంటారు. తండ్రికి తలకొరివి పెట్టింది ఆ పిల్లవాడేనన్న సంగతి వారికి ఆ క్షణంలో గుర్తుండదు.

పోయినవారు తిరిగి రారనీ, చావు ఎవరికీ తప్పదనీ పిల్లలు సుమారు తొమ్మిదేళ్ళకే గ్రహిస్తారని బుడాపెస్ట్ పిల్లలను పరిశీలించిన మరియా నాగీ 1948లోనే వివరించారు. ఈ వయసువారికి చేతకానిది ఆ బాధను ఎడతెగకుండా మోయడమే. అందువల్ల పొద్దున వెక్కివెక్కి ఏడ్చినవాడు సాయంత్రం క్రికెట్టుకు పరుగెత్తుతాడు, పెద్దకర్మకు వచ్చిన బంధువులు "వీడికి చీమ కుట్టినట్టయినా లేదే" అని అతనికి వినిపించేటట్టే అంటారు. దుఃఖంలో మునగడం, తేరుకొని మామూలు పనుల్లో పడడం, మళ్ళీ మునగడం అనే ఈ రాకపోకలను స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో జీవిత భాగస్వామిని కోల్పోయిన పెద్దలలోనే గుర్తించి, ద్వంద్వ ప్రక్రియ అని వర్ణించారు. పెద్దలకు ఒప్పినది పసివాడికి తప్పెలా అవుతుందో ఆ బంధువులే చెప్పాలి.

వారి ఓదార్పూ అటువంటిదే. "ఇక ఇంటికి మగదిక్కు నువ్వే, ఏడవకూడదు" అని కుర్రవాడి కన్నీళ్ళకు ఆనకట్ట వేస్తారు. ఆడపిల్లకైతే ఆ మాత్రం మాట కూడా దక్కదు, వంటిల్లూ చిన్నతమ్ముడూ దక్కుతారు. ఫోను కోసం తండ్రితో పోట్లాడిన మర్నాడే ఆయన గుండెపోటుతో పోతే, తన వల్లనే పోయాడని ఆ పిల్లవాడు నమ్ముతాడు, ఇంట్లో ఎవరూ ఆ ప్రస్తావన తేకపోవడం వల్ల నేరం రుజువైనట్టే భావిస్తాడు. నొప్పి సరిగ్గా బడికి బయలుదేరే వేళకే రావడానికి, తాను లేనప్పుడు తల్లికి కూడా ఏదైనా అవుతుందన్న భయం చాలాసార్లు కారణం. అది నటన కాదు. భయం పేగుల కదలికలను మార్చి నిజమైన నొప్పినే పుట్టిస్తుంది, స్కానింగులో మాత్రం కనిపించదు.

కడుపును ఒకసారి శ్రద్ధగా పరీక్షించి ఇతర జబ్బు లేదని తేల్చుకున్నాక చేయవలసినది కొద్దే. తండ్రి ఏ జబ్బుతో పోయాడో ఉన్నదున్నట్టు చెప్పాలి, పోట్లాట వల్ల పోలేదని విడిగా చెప్పాలి, ఉపాధ్యాయునికి తెలియజేయాలి, నెలమాసికంలో పాల్గొంటాడో లేదో అతన్నే అడగాలి. దుఃఖానికి మాత్ర లేదు. అయితే ఆరు నెలలు దాటినా బెంగ తీవ్రంగా వేధిస్తూ, చదువూ స్నేహాలూ నిలిచిపోతే అది దీర్ఘకాలిక శోకరుగ్మత కావచ్చు. 2022లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ దానిని జబ్బుగానే గుర్తించింది, దానికి మానసిక వైద్యుని సాయం కావాలి. నాన్న దగ్గరకు పోతానని పిల్లవాడు ఏనాడైనా అంటే ఆరు నెలల లెక్క చూడకుండా ఆ రోజే తీసుకురావాలి. అర్ధరాత్రి అయినా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, దానికి రుసుము లేదు.