ఇల్లు అని వెదకిన ఇంట దొరకునా?

30 ఏండ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఊరూర సేకరించిన సామెతలు నా వద్ద 14 నోటుపుస్తకములలో ఉన్నవి. ఒకప్పటి నా శిష్యుడు వానిని వెబ్‌సైటుగా అమర్చి, వెదకు సౌకర్యమును కల్పించినాడు. ఆ వెదకుట వేరొక సంస్థ సర్వరులో జరుగునట. మన సైటు దానిని ఏపీఐ ద్వారా పిలుచునట. ఏపీఐ అనగానేమని అడిగితిని. "మన సైటు ఎలా అడగాలో, వాళ్ల సర్వరు ఎలా బదులివ్వాలో ముందే కుదుర్చుకున్న ఒప్పందమండీ మాస్టారూ" అన్నాడు.

సర్వరు లోపల జరుగునది మనకు క్రొత్త గాదు. పెద్ద గ్రంథముల చివర పదసూచిక యుండును గదా! యంత్రము అట్టి సూచికనే కట్టి యుంచుకొనును. అరుదైన పదము కలిసినచో ఎక్కువ విలువ, అంతటను వచ్చు పదమునకు తక్కువ విలువ ఇచ్చి ఫలితముల వరుసను నిర్ణయించును.

చిక్కు తెలుగుతో వచ్చినది. "ఇల్లు" అని వెదకగా "ఇంట గెలిచి రచ్చ గెలువు" రాలేదు. "గోరు" అనగా "గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు" రాలేదు. ఇ, టి, తి అను ఔపవిభక్తికములను చిన్నయసూరి బాలవ్యాకరణమున చెప్పినాడు; ఈ యంత్రమునకు ఎవరును చెప్పలేదు. చివరి ప్రత్యయమును కోసివేయు ఉపాయము "సామెతను" వంటివానికి చాలును గాని, పదమే రూపు మార్చుకొన్నచోట చాలదు. నా పుస్తకములలో "ఏఱు" అని ఉండగా పిల్లలు "ఏరు" అని వెదకుదురు. యూనికోడులో ర 0సీ30, ఱ 0సీ31. యంత్రమునకు ఆ రెండును వేరు.

విరుగుడు ఉన్నది. సమానరూపముల పట్టికను ఏపీఐ ద్వారానే పంపవచ్చును. ఇల్లు–ఇంటి–ఇంట, చేయి–చేతి, నూయి–నూతి అని వ్రాసి యిచ్చుచున్నాను. "పన్ను" వద్ద మాత్రము ఆగితిని. పంటితో జత కలిపినచో, సుంకమును వెదకువానికి దంతము ఎదురగును!

"ఇవి కూడ చదువుడు" అని ప్రక్కన చూపుటకు అతడు రెండు మార్గములు చెప్పినాడు. ఎక్కువమంది నొక్కినవి చూపుట మొదటిది. కనబడినదే నొక్కబడును, నొక్కబడినదే మరల కనబడును. పదునాలుగవ పుస్తకములోని సామెత ఎన్నటికిని వెలుగు చూడదు. వలదంటిని. రెండవది, ప్రతి సామెతను ఒక భాషా నమూనాకు పంపగా అది అర్థమును బట్టి సంఖ్యల వరుసగా మార్చి యిచ్చుట. దగ్గరి సంఖ్యలు గలవి దగ్గరి భావము గలవని లెక్క. గోటి సామెత ప్రక్కన "పిచ్చుకపై బ్రహ్మాస్త్రము" వచ్చినది. ఒక్క మాటయు ఉమ్మడి లేదు, భావమొక్కటే! సంతసించితిని. వెంటనే "ఇంట గెలిచి" ప్రక్కన "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" వచ్చినది. ఇల్లు తప్ప వేరు పొత్తు లేదు. కావున ప్రతి జతను నేను చూచి ఒప్పుకొనిన పిదపనే సైటులో చేరును.

ఇప్పుడు ప్రతి ఆదివారము ఫలితము రాని పదముల జాబితాను అతడు నాకు పంపుచున్నాడు. వెదకినవారి పేర్లుండవు, పదములే. తరగతిలో చేయి యెత్తి జవాబు దొరకని పిల్లవాడు మరునాడైనా మరల అడుగును. ఇక్కడ వెదకినవాడు తెలుగులో అట్టి సామెతయే లేదు కాబోలుననుకొని వెడలిపోవును. ఆ జాబితాను చదువునప్పుడెల్ల నాకు ఆ పిల్లవాడే కనబడును. పట్టిక ఇప్పటికి 170 వరుసలైనది. మిత్రులారా, మీకు తట్టిన రూపములు కూడ తెలుపుడు. ఈ వారము గోరు వరుసలో "కొనగోట" చేర్చవలెను.