దిద్దిన వ్రాతయు దిద్దని వ్రాతయు

వ్యాసమును రెండవమాఱు వ్రాసిన పిమ్మట మొదటి ప్రతిని చింపి పాఱవేయుట మన విద్యార్థులలోఁ బెక్కుమందికి వాడుక. ఆ ప్రతితోపాటు కొంత విద్యయుఁ బోవునని మా తలంపు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు ఈ విషయమున మిక్కిలి జాగరూకులు. వారు పాత ప్రతులను పాఱవేయరు. 2005వ సంవత్సరమున లైనస్ టోర్వాల్డ్స్ అను నాయన లినక్స్ నిర్మాణమునకై 'గిట్' అను సాధనమును సిద్ధపఱచెను.  దీనిని ఆజ్ఞలను టైపు చేసి వాడవచ్చును. 'గిట్ యాడ్', 'గిట్ కమిట్' అను రెండాజ్ఞల నిచ్చినచో, నాఁటి ప్రతి తేదీతోను, వ్రాసినవారి పేరుతోను నిలిచియుండును. పిదప ఫైలును మార్చి 'గిట్ డిఫ్' అని యడిగినచో, రెండు ప్రతులకుఁ గల భేదము తెరపైఁ గానవచ్చును. పోయిన పంక్తికి ముందు తీసివేత గుర్తును, వచ్చిన పంక్తికి ముందు కూడిక గుర్తును ఉండును.

మేము మా తరగతి వ్యాసములను ఇట్లే భద్రపఱచుచున్నాము. నేతవారి బాలిక యొకతె తన తండ్రినిగూర్చి వ్రాయుచు, మొదట 'మా నాయన పడుగు సరిచేయుచు నన్ను దగ్గఱకుఁ బిలుచును' అని వ్రాసెను. బహుమానమున కాసపడి, తరువాత దానిని 'నా జనకుఁడు వస్త్రనిర్మాణమున నిమగ్నుఁడై యుండును' అని మార్చెను. రెండవ ప్రతిని మాత్రమే చూచిన తోడి బాలికలు మెచ్చుకొనిరి. మేము 'గిట్ డిఫ్' తీసి రెండు పంక్తులను ఒకదానిక్రింద నొకటి చూపితిమి. ఆ బాలిక కొంత తడవు చూచి, "నన్నుఁ బిలుచుట పోయినదండీ, మాస్టరుగారూ" అనెను. పాత పంక్తిని తానే మరల వ్రాసికొనెను. దిద్దిన యక్షరదోషములను మాత్రము దిద్దినట్లే యుంచెను.

ఇచట నొక మెలకువ గలదు. గిట్ పంక్తులను బోల్చును. పేరా యంతయు ఒకే పంక్తిగా నున్నచో, ఒక్క యక్షరము మాఱినను పేరా యంతయు మాఱినట్లు చూపును. అప్పుడు 'వర్డ్ డిఫ్' అను వికల్పమును జేర్చినచో, మాఱిన మాటలకు మాత్రమే గుర్తులు కానవచ్చును.

అయితే ఏది మాఱినదో యంత్రము చెప్పును. ఏది మేలో చెప్పదు. ఆ తీర్పు వ్రాసినవారిదే. కంప్యూటరు లేని యింటఁ గూడ ఈ విద్య సాధ్యమే. తలిదండ్రులారా, మీ పిల్లల తొలి ప్రతులను దాఁచి, మలి ప్రతుల ప్రక్కన నుంచి చదివింపుఁడు. పోయిన మాటలలో మీ యింటి మాట యున్నదేమో వారినే వెదకనిండు.