తేట నీళ్లు, మంచి నీళ్లు

తమిళనాడులోని మా ధర్మపురి జిల్లాలో పెద్దవాళ్లు నీళ్లని కంటితో చూసి మంచివని చెప్పరు. బోరు నీళ్లు గ్లాసులో పోస్తే తేటగా ఉంటాయి. వాసన ఉండదు, రంగు ఉండదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న అలాంటి నీళ్లే చిన్నప్పటి నుంచి తాగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, వయసు మీదపడేసరికి కీళ్లు పట్టేస్తాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి రాతినేలలో ఎన్నో బోర్లు ఆ హద్దు దాటేశాయి. నల్లగొండ వాళ్లకు ఈ బాధ గురించి వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి ప్రకటించిందీ తెలుగునాటి నుంచే: 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. హొగెనక్కల్ దగ్గర కావేరి నీళ్లు తోడి, శుద్ధి చేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు పంపే పథకం 2013లో ప్రారంభమయ్యాకే మా కొళాయిల మీద కాస్త నమ్మకం కుదిరింది.

తేటగా కనిపించడం వేరు, ఒంటికి మంచి చేయడం వేరు. ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నాక ఈ సంగతి నాకు మరింత బాగా పట్టుబడింది. తొట్టి కింద చెక్క అరలో కూర్చునే క్యానిస్టర్ ఫిల్టర్‌ని విప్పి కడిగే రోజున అయితే, ఆ పనిలో ప్రతి అడుగూ దీన్నే గుర్తుచేస్తుంది.

క్యానిస్టర్ అంటే మూత గట్టిగా బిగించిన డబ్బా. తొట్టిలోంచి ఒక గొట్టం ద్వారా నీళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి. డబ్బాలో స్పాంజి పొరలనీ, సెరామిక్ రింగులనీ దాటుతాయి. తలకాయలో ఉన్న చిన్న మోటారు వాటిని రెండో గొట్టం గుండా మళ్లీ పైకి తోస్తుంది. జర్మనీలో ఐహైమ్ కంపెనీ 1960ల్లో ఇలాంటి ఫిల్టర్లని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు చెన్నై కొళత్తూరు అంగళ్లలో అన్ని ధరల్లోనూ దొరుకుతున్నాయి. కొన్నవాళ్లలో చాలామంది అది చెత్త పట్టే జల్లెడ అనుకుంటారు. చెత్త పడుతుంది, నిజమే. కానీ దాని అసలు పని అది కాదు.

చేప మొప్పల నుంచి అమోనియా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా అదే వస్తుంది. అది చేపకి విషం. దాన్ని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, వారం వారం కొంత నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ జీవుల సంగతి 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఆ తర్వాత కూడా చేపల తొట్లు శాస్త్రానికి కొత్త సంగతులు చెబుతూనే ఉన్నాయి. అమోనియాని తినే, ఆర్కియా అనే వేరే తెగకి చెందిన సూక్ష్మజీవిని 2005లో మొదటిసారి వేరుచేసి పెంచింది అమెరికాలోని సియాటిల్ అక్వేరియం తొట్టి గులకరాళ్ల నుంచే. అమోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే రెండు పనులూ ఒకే జీవి చేయగలదని 2015లో బయటపడింది. దాన్ని పట్టుకున్న రెండు బృందాల్లో ఒకటి చేపల పెంపకం నీళ్లని వడపోసే ఫిల్టర్‌లోనే దాన్ని కనుక్కుంది.

ఈ జీవులు నీళ్లలో తేలుతూ తిరిగేవి తక్కువ. స్పాంజి కంతల్లో, సెరామిక్ రింగుల గరుకులో అంటుకుని కాపురముంటాయి. ఫిల్టర్ విప్పగానే చేతికి తగిలే గోధుమరంగు జిగురులో ఉండేది అవే.

మొన్న డబ్బా విప్పుతుంటే మా మేనల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. స్పాంజి చూసి మొహం చిట్లించి, "మామా, ఇంత మురికేంది? కొళాయి కింద పెట్టి సబ్బుతో రుద్దేద్దామా?" అన్నాడు. "వద్దురా, ఆ బకెట్ ఇటు తే" అన్నాను. బకెట్లో ఉన్నవి తొట్టిలోంచి అప్పుడే తోడిన నీళ్లు. స్పాంజిని వాటిలో ముంచి మెల్లగా రెండు మూడుసార్లు పిండితే నల్లటి మడ్డి దిగింది. కంతలు తెరుచుకున్నాయి. రంగు మాత్రం పోలేదు. అక్కడ ఆపేశాను. రింగులని అదే నీళ్లలో ఒకసారి ఆడించి తీశాను, అంతే. పిండిన మడ్డి నీళ్లు మందార చెట్టు మొదట్లో పోశాడు మావాడు. అది మంచి ఎరువు.

కొళాయి నీళ్లు ఎందుకు వద్దంటే, అందులో క్లోరిన్ ఉంటుంది. మన కడుపులోకి రోగాలు రాకుండా కాపాడే ఆ క్లోరినే స్పాంజిలోని జీవుల్ని చంపేస్తుంది. అవి మళ్లీ పెరగాలంటే తొందరగా అయ్యే పని కాదు. పాలని విరగ్గొట్టే బాక్టీరియా గంట లోపే రెట్టింపవుతుంది. ఇవి ఒక్కసారి రెట్టింపవడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పడుతుంది. కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమని చెప్పేది ఇందుకే. స్పాంజి, రింగులు, గొట్టాలు అన్నీ ఒకే రోజు తళతళలాడేలా కడిగితే నీళ్లు ఎంతో తేటగా ఉంటాయి, నాలుగో రోజుకి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

మా ఊరి నీళ్లతో ఇంకో లెక్క ఉంది. బోరు నీళ్లు కరుకు, అంటే వాటిలో సున్నం ఎక్కువ. మోటారు తలకాయ తిప్పి, నీళ్లని తోసే ఇంపెల్లర్‌ని బయటికి లాగితే, వేలెడంత అయస్కాంతం చుట్టూ తెల్లటి సున్నపు పొర కనిపిస్తుంది. దాని గుండా పోయే సెరామిక్ కడ్డీ చాలా సన్నం, కాస్త వంచితే పుటుక్కున విరుగుతుంది. ఇక్కడ మాత్రం మొహమాటం అక్కర్లేదు. నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో కడిగేయాలి. గరగరమనే చప్పుడు చాలావరకు ఆ పొర వల్లే. అదే కరుకుదనం ఒక మేలూ చేస్తుంది. అమోనియా మారేటప్పుడు నీళ్లలోని క్షారగుణం ఖర్చవుతుంది, మా నీళ్లలో దానికి కొదవ లేదు. అయితే క్షారం, వేడి రెండూ ఎక్కువగా ఉన్నచోట అమోనియా విషం కూడా తీవ్రమవుతుంది. అందుకే ఇక్కడి ఫిల్టర్‌లోని జీవులకి విలువ ఇంకా ఎక్కువ.

వాటికి గాలి కావాలి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. మోటారు ఆగితే మూత బిగించిన డబ్బాలో ఉన్న కాస్త ఆక్సిజన్ గంటల్లో అయిపోతుంది. 2012లో తమిళనాడు జిల్లాల్లో రోజుకు సగం కంటే ఎక్కువసేపు కరెంటు లేని రోజులు చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. ఎక్కువసేపు కరెంటు పోయి వచ్చాక వెంటనే స్విచ్ వేయకూడదు. డబ్బా విప్పి వాసన చూడాలి. కుళ్లు వాసన వస్తే ఆ నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలో జాడించి, ఆ తర్వాతే నడపాలి. లేకపోతే ఆ కుళ్లు నీళ్లన్నీ ఒక్కసారిగా చేపల మీదికి వస్తాయి.

మిగతాది జాగ్రత్తే. విప్పేముందు ప్లగ్గు తీయాలి. మూత కింది రబ్బరు ఓ-రింగుకి సిలికాన్ గ్రీజు సన్నగా రాయాలి. ఒక్క వెంట్రుక అడ్డొచ్చినా నేల మీద నీళ్లే. కరెంటు తీగ గోడ స్విచ్ కంటే కిందికి వేలాడి పైకి వెళ్లేలా ఉండాలి, అప్పుడు జారిన చుక్క ప్లగ్గులోకి పోదు. కడగడానికి తారీఖు పెట్టుకోనక్కర్లేదు, తొట్టిలోకి వచ్చే ధార సన్నబడితే అదే సమయం.

పిల్లలు అడిగారని తొట్టి కొనిపెట్టే తల్లిదండ్రులకి నా విన్నపం ఒక్కటే. చేపల పేర్లు నేర్పేముందు ఫిల్టర్ విప్పడం నేర్పండి. ఆ జిగురు ఎవరిదో చెప్పండి, ఎక్కడ రుద్దాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో చూపించండి. అమోనియా పరీక్ష సీసా ఒకటి కొనివ్వండి, చుక్కలు వేసి రంగు మారడం వాళ్లనే చూడనివ్వండి. నీళ్లని చూపుతో కాకుండా పరీక్షతో నమ్మడం మా జిల్లా పిల్లలకి పుస్తకాల పాఠం కాదు, ఎముకలకి సంబంధించిన అవసరం. చేపల తొట్టి దగ్గర ఆ అలవాటు పడిన పిల్ల, రేపు ఊరి బోరు దగ్గర నిలబడి ఈ నీళ్లు పరీక్ష చేయించారా అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగే మనుషులు మా నేలకి ఎంతమంది ఉన్నా చాలరు.